లాన్‌గ్రానోగ్ తీరాన

యునైటెడ్ కింగ్‌డమ్ అనగానే మనవారికి ఇంగ్లండే స్ఫురిస్తుంది. లండన్ మహానగరం, థేమ్స్ నది, పార్లమెంటు భవనం మీది గడియారం - వీటితోనే ఆ దేశచిత్రం పూర్తయినట్లు భావిస్తాం. ఇంగ్లండుకు పడమట సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన కొండల నేల ఒకటి ఉన్నదనీ, దాని పేరు వేల్స్ అనీ, ఆ నేలకు ఇంగ్లీషుతో పోలికే లేని ప్రాచీనభాష ఒకటి ఉన్నదనీ ఎరిగినవారు తక్కువ. ఆ ప్రజలు తమ దేశాన్ని 'కమ్రి' అనీ, తమ భాషను 'కమ్రాయిగ్' అనీ పిలుచుకుంటారు. 'వేల్స్' అన్నది ఇంగ్లీషువారి పూర్వులు పెట్టిన పేరు. దానికి 'పరాయివారు' అని అర్థం. సొంత గడ్డ మీద ఉంటూనే పరాయివారని పిలిపించుకోవలసి రావడం చరిత్రలోని వింతలలో ఒకటి.

ఆ వేల్స్ పడమటి తీరంలో, కార్డిగాన్ అఖాతం ఒడ్డున, రెండు కొండల నడుమ ఇరుకైన లోయలో ఒదిగిన చిన్న పల్లె లాన్‌గ్రానోగ్. ఒక సెప్టెంబరు నెలలో ఆ పల్లెను చూడబోయాము. అబెరిస్ట్‌విత్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో బస్సెక్కి, కార్డిగాన్ వైపు పోయే దారిలో దిగాలి. టికెట్టు అడుగుతూ నేను ఊరి పేరు చెప్పాను. డ్రైవరుకు అర్థం కాలేదు. రెండవసారి చెప్పాను. మూడవసారి కాగితం మీద వ్రాసి చూపించాను. ఆయన నవ్వి, సరిగా పలికి చూపి, టికెట్టు ఇచ్చాడు.

ఆ పేరు మొదట ఉన్నది మన 'ల'కారం కాదు. నాలుకను 'ల' పలికే చోటనే నిలిపి, కంఠధ్వని కలపకుండా, నాలుక ప్రక్కల నుండి గాలిని ఊదితే పుట్టే ధ్వని అది. వేల్స్ ఊళ్ల పేర్లలో సగం దానితోనే మొదలవుతాయేమో అనిపిస్తుంది. ఆ ధ్వనితో మొదలయ్యే 'లాన్' అనే పదానికి 'చర్చి ఉన్న ఆవరణ' అని అర్థం. ఆరవ శతాబ్దికి చెందిన క్రానోగ్ అనే సాధువు స్థాపించిన ఆవరణ కనుక ఆ ఊరు లాన్‌గ్రానోగ్ అయినది.

ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక సందేహం కలగాలి. సాధువు పేరు 'క్రానోగ్' కాగా ఊరి పేరులో 'గ్రానోగ్' ఎట్లా వచ్చింది? 'పూచెను' అనే పదం మీద 'కలువలు' అనే పదం చేరినపుడు 'క'కారం 'గ'కారమై 'పూచెనుఁ గలువలు' అవుతుందని మనం సరళాదేశ సంధిలో చదువుకొన్నాం. వేల్స్ భాషలోనూ కొన్ని పదాల తరువాత వచ్చే క, త, ప ధ్వనులు గ, ద, బ ధ్వనులుగా మారుతాయి. ఆ మార్పుకు అక్కడి కారణాలు వేరు. 'లాన్' స్త్రీలింగ పదం కావడం వలన దాని తరువాతి పరుషం సరళమైనది. ఈ రెండు భాషలకు చుట్టరికం ఏమీ లేదు. అయినా వేల మైళ్ల దూరాన ఒక పల్లె పేరులో మన వ్యాకరణ సూత్రం వంటిదే ఎదురుపడినపుడు కలిగే ఆనందం మాత్రం నిజమైనది.

బస్సు దిగిన ఊరు బ్రిన్‌హోఫ్నంట్. అక్కడొక కొత్త పాఠశాల ఉన్నది. చుట్టుప్రక్కల పల్లెలలోని చిన్న చిన్న బడులను మూసివేసి, వాటన్నిటికీ బదులుగా 2012లో దానిని తెరిచారు. దానికి టి. లెవ్ జోన్స్ అనే బాలసాహిత్య రచయిత పేరు పెట్టారు. 1915 నుండి 2009 వరకు జీవించిన ఆయన ఉపాధ్యాయుడు. వేల్స్ భాషలో పిల్లల కోసం యాభైకి పైగా పుస్తకాలు వ్రాశాడు. సముద్రపు దొంగలూ, ఓడలూ, నిధులూ నిండిన ఆ కథల కోసమే తరతరాల పిల్లలు మాతృభాషను ఇష్టంగా చదివారని చెప్పుకుంటారు. ఒక రచయిత పేరు బడికి పెట్టడం గొప్ప గౌరవమే. కాని ఆ గౌరవం దక్కడానికి కొన్ని ఊళ్లు తమ బడులను పోగొట్టుకోవలసి వచ్చిందన్న సంగతిని కూడా గమనించకుండా ఉండలేకపోయాను.

అక్కడి నుండి సముద్రం వైపు దారి పల్లానికి దిగుతుంది. ఇరువైపులా మనిషి ఎత్తు దాటిన పొదల కంచెలు, వాటి వెనుక గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు. రోడ్డు మీద మలుపు వచ్చినచోటల్లా తెల్లని పెద్ద అక్షరాలతో 'అరావ్' అని వ్రాసి ఉంటుంది. 'నెమ్మది' అని దాని అర్థం. ఇంగ్లీషు మాట దానితో జంటగా ఉంటుంది. దారికి చేరువలోనే పోంట్‌గారెగ్ అనే గ్రామం ఉన్నది. 'పోంట్' అంటే వంతెన, 'కారెగ్' అంటే రాయి. కారెగ్ మరల గారెగ్ అయినది చూడండి. ఈ రాతివంతెన ఊరి పేరును విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన కథానాయిక పాఠాలు చెప్పినది ఇక్కడే.

లాన్‌గ్రానోగ్ నిజానికి రెండు ఊళ్లు. పాత ఊరు చర్చి చుట్టూ, లోయ మలుపులో, సముద్రానికి కనబడకుండా దాగి ఉన్నది. పడవల మీద వచ్చి దోచుకొనిపోయే దొంగల కంటబడకుండా పూర్వులు అట్లా కట్టుకున్నారని చెబుతారు. సముద్రభయం తగ్గి సముద్రవ్యాపారం పెరిగిన పిమ్మట ఇసుకతీరాన రెండవ ఊరు లేచినది. ఈ రెండింటినీ కలుపుతూ హావెన్ అనే చిన్న వాగు ఒక జలపాతంగా దూకి, ఇళ్ల ప్రక్కగా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. భయం పోయేకొద్దీ ఊరు సముద్రం వైపు నడచి వచ్చినట్లుంటుంది ఆ దృశ్యం.

చర్చి కట్టడం పందొమ్మిదవ శతాబ్దంలో పునర్నిర్మించినది. అంత పురాతనమైనదేమీ కాదు. కాని ఆ ఆవరణలోని సమాధులను చదువుతూ పోతే ఊరి చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. ఒక రాయి మీద నావికుడు, మరొక దాని మీద ఓడ కెప్టెను. ఈ కొద్దిపాటి ఇళ్లలోని మనుషులు ఒకప్పుడు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి పసిఫిక్ మహాసముద్రంలోకి పోయి వచ్చేవారు. ఊళ్లోనే, ఈ ఇసుక మీదనే చిన్న ఓడలను నిర్మించేవారు. ఆటు సమయంలో సముద్రం వెనుకకు పోగానే సున్నపురాయి, బొగ్గు మోసుకొచ్చిన పడవలు ఇసుక మీద కూర్చునేవి. గుర్రపు బండ్లు వాటి ప్రక్కకే పోయి సరకు దించుకొనేవి. పోటు వచ్చేలోగా పని ముగియాలి. ఆ రాళ్లను తీరంలోని సున్నపు బట్టీలలో కాల్చి, ఆ సున్నాన్ని పొలాలకు చల్లేవారు. ఎడతెగని వానలకు పులిసిన ఆ నేల సున్నం తగిలితేగాని పంటకు రాదు. రైళ్లూ, ఆ పిమ్మట లారీలూ వచ్చిన తరువాత ఈ పడవల రాకపోకలు ఆగిపోయాయి.

ఆ సమాధులలో ఒకటి సారా జేన్ రీస్ అనే స్త్రీది. ఆమె కలంపేరు క్రనోగ్వెన్. సాధువు క్రానోగ్ పేరునూ, ఊరి వాగు హావెన్ పేరునూ కలిపి ఆమె తనకు ఆ పేరు పెట్టుకున్నది. 1839లో ఈ ప్రాంతంలోనే ఒక నావికుని కుమార్తెగా పుట్టింది. తల్లిదండ్రులు ఆమెను కుట్టుపని నేర్చుకొమ్మని పట్నానికి పంపారు. ఆమెకు అది నచ్చలేదు. సూదీ దారమూ వదలి, తండ్రి పడవ ఎక్కి సముద్రం మీదికి పోతానని పట్టుబట్టినది, పోయినది. కొంతకాలం తండ్రితోపాటు సరకుల పడవలో తీరం వెంట తిరిగినది. ఆ తరువాత లివర్‌పూల్, లండన్ నగరాలలో నౌకాశాస్త్రం చదివి, ఇరవై ఒక్క ఏండ్ల ప్రాయంలో పోంట్‌గారెగ్ బడిలో ఉపాధ్యాయినిగా చేరినది. స్త్రీకి ఆ ఉద్యోగం ఇవ్వడానికి కొందరు పెద్దలు మొదట సంకోచించారు.

ఆ బడిలో ఆమె చిన్నపిల్లలకు అక్షరాలు మాత్రమే నేర్పలేదు. ఓడ నడపదలచిన యువకులకు నౌకాయాన విద్య బోధించినది. ఆ విద్య ఎటువంటిదో ఒక్క క్షణం ఊహించండి. చుట్టూ నీరు తప్ప మరేమీ లేని చోట నావికుడు తానెక్కడ ఉన్నదీ ఎట్లా తెలుసుకోవాలి? సెక్స్‌టంట్ అనే పరికరంతో మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి ఎంత ఎత్తున ఉన్నాడో కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. రేఖాంశానికి గడియారం కావాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, గ్రీనిచ్ కాలానికీ ఓడ ఉన్నచోటి కాలానికీ నాలుగు నిమిషాల తేడా ఉంటే ఒక డిగ్రీ దూరం ఉన్నట్లు. లెక్క తప్పితే ఓడ బండలకు కొట్టుకొంటుంది. కొండ మీది పల్లెటూరి బడిలో ఒక యువతి తన ఈడు మగవారికీ, తనకంటె పెద్దవారికీ ఈ లెక్కలు నేర్పినది. ఆమె శిష్యులు ప్రపంచ సముద్రాల మీద కెప్టెన్లయ్యారు.

ఆ బోధన విలువ తెలియాలంటే ఆనాటి పరిస్థితి తెలియాలి. క్రనోగ్వెన్ ఎనిమిదేండ్ల పిల్లగా ఉన్నపుడు, 1847లో, వేల్స్ విద్యపై ప్రభుత్వం ఒక నివేదిక ప్రచురించింది. దానిని తయారుచేసిన ముగ్గురు కమిషనర్లకూ వేల్స్ భాష రాదు. అక్కడి ప్రజల వెనుకబాటుకూ, చివరకు వారి శీలలోపానికి కూడా వారి భాషే కారణమని ఆ నివేదిక తేల్చింది. నీలిరంగు అట్టలతో వెలువడిన ఆ సంపుటాలను వేల్స్ ప్రజలు నేటికీ 'నీలి పుస్తకాల ద్రోహం' అంటారు. ఆ శతాబ్దంలో కొన్ని బడులలో మాతృభాష మాట్లాడిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్కను తగిలించేవారు. వాడు మరొక పిల్లవాడు ఆ తప్పు చేయగా చూచి చెబితే ఆ ముక్క అతని మెడకు మారేది. సాయంకాలం అది ఎవరి మెడలో ఉంటే వారికి శిక్ష. పిల్లలను శిక్షించడం ఒక దుర్మార్గం. పిల్లలచేతనే తోటివారిని పట్టించడం అంతకు మించినది.

అటువంటి కాలంలో క్రనోగ్వెన్ తన భాషలోనే వ్రాసినది. 1865లో అబెరిస్ట్‌విత్‌లో జరిగిన జాతీయ సాహిత్యోత్సవంలో ఆమె వ్రాసిన 'పెండ్లి ఉంగరం' అనే కవితకు బహుమతి వచ్చినది. ఆనాటి ప్రసిద్ధ కవులు ఆ పోటీలో ఆమె చేతిలో ఓడిపోయారు. ఆ ఉత్సవంలో కవితకు బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తరువాత ఉపన్యాసకురాలై అమెరికాలోని వేల్స్ వలస కుటుంబాల వరకు పోయినది. స్త్రీ వేదిక ఎక్కి మాట్లాడటమే తప్పనుకొన్న రోజులలో ఆమెను వినడానికి జనం కిక్కిరిసేవారు. 1879 నుండి పదేండ్లపాటు 'అ వ్రతోనెస్' అనే స్త్రీల మాసపత్రికను నడిపినది. అంతకుముందు 1850లో ఆ భాషలో స్త్రీల పత్రిక ఒకటి వచ్చినది కాని దానికి సంపాదకుడు పురుషుడు. మన కందుకూరి వీరేశలింగం పంతులు 1883లో 'సతీహితబోధిని'ని ప్రారంభించిన కాలమూ ఇదే. ఒకరి పేరు మరొకరు విని ఉండరు. కాని ఒకే దశకంలో, గోదావరి ఒడ్డునా కార్డిగాన్ అఖాతం ఒడ్డునా, స్త్రీల చేతికి పుస్తకం అందించాలనే తపన ఒకటే.

1916లో ఆమె మరణించినది. ఆ తరువాత నూరేండ్లకు పైగా ఊరిలో ఆమెకు సమాధి రాయి తప్ప మరొక గురుతు పెద్దగా లేదు. 2023 జూన్‌లో ఊరి నడుమ ఆమె కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. వేల్స్‌లో నిజంగా జీవించిన స్త్రీల విగ్రహాలు లేవన్న కొరతను తీర్చడానికి కొందరు మహిళలు చేపట్టిన ఉద్యమంలో అది మూడవది. మేము పోయినపుడు ఆ విగ్రహం చేతిలో ఎవరో అడవిపూల గుత్తి ఉంచారు. వానకు తడిసి, అప్పటికే వాడిపోయి ఉన్నది.

ఊరు దాటితే ఇసుకతీరం. తీరానికి ఒక అంచున నల్లని బండ ఒకటి ఒంటరిగా నిలిచి ఉంటుంది. దాని పేరు కారెగ్ బికా. బికా అనే రాక్షసునికి పంటినొప్పి వచ్చి, బాధ ఓర్వలేక ఆ పంటిని ఇక్కడ ఉమ్మివేశాడట. చూడగా అది పంటివలెనే ఉన్నదని ఒప్పుకోక తప్పదు. శాస్త్రజ్ఞులు చెప్పే కథ దీనికంటె తక్కువ వింతైనది కాదు. ఈ రాళ్లు సుమారు నలభై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఒక సముద్రగర్భంలో బురదగా పేరుకొని గట్టిపడినవి. ఆ యుగానికి భూగర్భశాస్త్రంలో ఆర్డొవీషియన్ అని పేరు. పూర్వం వేల్స్‌లో నివసించిన ఒక తెగ పేరు అది. దానికి ముందటి కేంబ్రియన్ యుగానికి వేల్స్ దేశపు లాటిన్ పేరునూ, తరువాతి సిలూరియన్ యుగానికి మరొక వేల్స్ తెగ పేరునూ పెట్టారు. భూమి చరిత్రలోని మూడు యుగాలకు ఈ చిన్న దేశం పేర్లు ఇచ్చినది. కడప కొండలలోని రాళ్లను వర్ణించే విద్యార్థి అయినా, చైనాలోని రాళ్లను వర్ణించేవాడైనా కేంబ్రియన్‌కు ముందా, తరువాతా అనే చెప్పాలి.

ఆ బండకు ఆవలి ప్రక్కన కిల్‌బోర్త్ అనే మరొక చిన్న ఇసుకతీరం ఉన్నది. ఆటు సమయంలో మాత్రమే బండను చుట్టి అక్కడికి నడచి పోవచ్చు. మేమూ పోయాము. అక్కడి గుహలను చూస్తూ, తడి ఇసుక మీద రంగురాళ్లను ఏరుకొంటూ కాలం మరచాము. కుక్కను వెంటబెట్టుకొని వచ్చిన ఒక వృద్ధుడు మమ్ములను చూచి నిలిచాడు. “అయ్యా, మీరు వచ్చిన దారిని ఒకసారి చూడండి” అన్నాడు. చూచాము. మేము నడచి వచ్చిన ఇసుక మీద నీరు మోకాలి లోతున ఉన్నది. అల వెనుకకు పోవడం లేదు.

విశాఖపట్నం తీరంలో పెరిగినవారికి ఇది అలవాటు లేని అనుభవం. మన తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి దినాలలో అది నాలుగు మీటర్లు దాటుతుంది. ఆరు గంటలలో ఒక అంతస్తు మేడ ఎత్తు నీరు వచ్చి చేరుతుందన్నమాట. ఆయన మమ్ములను కొండచరియ మీదికి పోయే మెట్ల దారికి తీసుకుపోయాడు. “వేసవిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు ఇట్లా చిక్కుకుంటారు. వారిలో మా ఊరివారు ఉండరు” అన్నాడు. పై వరకు వచ్చిన తరువాత వెనుదిరిగి చూస్తే రాక్షసుని పన్ను చుట్టూ నురుగు తిరుగుతున్నది.

ఆయన ఈ ఊరిలోనే పుట్టినవాడు. తన చిన్ననాట ఈ తీరంలోని ఇళ్లలో ఎవరెవరు ఉండేవారో వరుసగా చెప్పాడు. ఇపుడు ఆ వరుసలో చలికాలంలో దీపం వెలిగే ఇళ్లెన్నో కూడా చెప్పాడు. ఆ లెక్క చాలా చిన్నది. సముద్రపు గాలి కోసం, సెలవుల కోసం దూరనగరాలవారు ఇక్కడ ఇళ్లు కొంటారు. ఏడాదిలో కొద్ది వారాలు ఉండి పోతారు. వారు చెల్లించగలిగిన ధరను ఈ ఊరి యువకుడు చెల్లించలేడు. అతడు పట్నానికి పోతాడు. అతనితోపాటు అతని పిల్లలూ, వారితోపాటు ఈ ఊరి బడీ, ఈ ఊరి మాటా పోతాయి. అట్లా ఖాళీగా ఉంచే రెండవ ఇళ్ల మీద స్థానిక సంస్థలు 300 శాతం వరకు అదనపు పన్ను విధించవచ్చునని వేల్స్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ నుండి అనుమతించింది. పన్నుతో ఇల్లు నిండుతుందా అని అడిగాను. “ఇంటిమాట అటుంచండి. ఇల్లు కొన్నవారు దాని పాత పేరు తీసివేసి ఇంగ్లీషు పేరు పెట్టకుండా ఉంటే చాలు” అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. వచ్చే యాత్రికుల వలననే ఊరిలోని హోటళ్లు, దుకాణాలు నడుస్తున్నాయని కూడా ఆయనే చెప్పాడు. మేమూ ఆ యాత్రికులలోని వారమే గదా!

కొండచరియ మీది కాలిబాట వేల్స్ తీరపథంలో ఒక భాగం. 2012 మే 5న ప్రారంభించిన ఆ పథం ఆ దేశపు తీరరేఖ అంతటినీ అంటిపెట్టుకొని 870 మైళ్లు, అంటే సుమారు 1400 కిలోమీటర్లు సాగుతుంది. మేము నడచినది అందులో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే. ఎడమవైపు కొన్ని అడుగుల దూరంలో నిట్టనిలువు లోయ, అడుగున ఆకుపచ్చని నీరు. కంచె అన్ని చోట్లా లేదు. గాలి మనిషిని తోసివేస్తున్నట్లు వీస్తుంది. సెప్టెంబరులో బూడిదరంగు సీలు జంతువులు ఇక్కడి గులకరాళ్ల ఒడ్లకు వచ్చి పిల్లలను కంటాయి. పైనుండి చూస్తే తెల్లని ఉన్నిమూట వంటి పిల్ల ఒకటి రాళ్ల నడుమ కదలుతూ కనిపించినది. అఖాతంలో డాల్ఫిన్లు స్థిరంగా నివసిస్తాయి. వాటి కోసం గంటసేపు కళ్లు కాయలు కాచేలా చూచినా మాకు మాత్రం అవి దర్శనమివ్వలేదు.

బాట చివర ఒక కొండ, దాని మీద క్రీస్తుకు పూర్వపు ఇనుపయుగం నాటి కోట గట్లు, దానికి దిగువన సముద్రంలోకి చాచిన వేలి వంటి నేల కొస. దాని చివర చిన్న దీవి. పేరు అనిస్ లోఖ్‌టిన్. 1901లో ఇంగ్లీషు స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ ఈ ప్రాంతానికి విశ్రాంతికై వచ్చాడు. కొండ మీద ఉండగా దూరం నుండి గాలిలో తేలివచ్చిన పాట ఒకటి ఆయన చెవిని పడినది. మాటలు తెలియలేదు. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే తీరు మాత్రం మనసులో నిలిచినది. 1905లో తంత్రీవాద్యాల కోసం ఆయన కూర్చిన ప్రసిద్ధ రచనలో ఆ జాడ ఉన్నది. పాడినవారెవరో ఎవరికీ తెలియదు. పొలం పని ముగించి ఇంటికి పోయేవారో, చర్చిలో గుమికూడినవారో కావచ్చు.

తిరుగు దారిలో పిల్లల కేకలు వినిపించాయి. కొండ మీద 'ఇర్ద్' అనే యువజన సంస్థ శిబిరం ఉన్నది. ఇఫాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన 1922లో ఆ సంస్థను స్థాపించాడు. ఇంటిలోనో చర్చిలోనో తప్ప వేల్స్ భాష వినబడని స్థితి వస్తున్నదనీ, ఆటలోనూ పాటలోనూ అది లేకపోతే పిల్లల నోట నిలువదనీ ఆయన గ్రహించాడు. లాన్‌గ్రానోగ్‌లో 1932 నుండి శిబిరాలు జరుగుతున్నాయి. దేశం నలుమూలల నుండి పిల్లలు వచ్చి గుర్రాలు ఎక్కుతారు, ఈదుతారు, కొండ నడకలు పోతారు. అంతా వేల్స్ భాషలోనే. ఇంటిలో ఒక్క వేల్స్ మాటైనా వినని పిల్లలు కూడా వారిలో ఉంటారు. వారికి అది వ్యాకరణ పుస్తకంలోని భాష కాదు. బంతి అందుకోమని అరిచే భాష.

అయినా లెక్కలు ఊరటనివ్వవు. 2011 జనగణనలో వేల్స్ జనాభాలో 19 శాతం తమకు ఆ భాష వచ్చునన్నారు. 2021 నాటికి అది 17.8 శాతానికి తగ్గినది. అంటే సుమారు 5 లక్షల 38 వేల మంది. ఈ పల్లె ఉన్న కెరెడిగియన్ జిల్లాలో ఇప్పటికీ నూటికి 45 మంది మాట్లాడగలరు. కాని అక్కడా సంఖ్య పడిపోతున్నది. 2050 నాటికి పది లక్షల మంది వేల్స్ భాష మాట్లాడాలని ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకొన్నది. చట్టం ఆ భాషకు 2011లో అధికార హోదా ఇచ్చినది, బడి ఉన్నది, టెలివిజన్ ఉన్నది. ఒకనాడు మెడకు చెక్కముక్క తగిలించిన భాషకు ఇవన్నీ చిన్న విజయాలు కావు. కొరవడుతున్నది చలికాలపు దీపాలే.

సాయంకాలం ఊరిలోని ఒక చిన్న ఫలహారశాలలో కూర్చున్నాము. లీకు కాడలూ, బంగాళదుంపలూ, గొర్రెమాంసమూ వేసి కాచే 'కావ్ల్' అనే పులుసు అక్కడివారికి ప్రీతి. శాకాహారం కోరిన మాకు ఎండుద్రాక్షలను తేనీటిలో నానబెట్టి చేసే తీపి రొట్టె దొరికినది. వడ్డించిన అమ్మాయి మాతో ఇంగ్లీషులోనూ, లోపలి వంటవారితో వేల్స్ భాషలోనూ మాట్లాడుతున్నది. ఒక భాష నుండి మరొక భాషకు ఆమె మారడం, ఒక గది నుండి మరొక గదికి పోయినంత సహజంగా ఉన్నది. క్రనోగ్వెన్ గురించి అడిగాను. “మా నాయనమ్మ చదివిన బడి ఆమె బడి ఉన్న ఊళ్లోనే. అది ఇపుడు మూసివేశారు. నేను పైనున్న కొత్త బడిలో చదివాను” అని చెప్పినది.

ఊరి పేరు పలకడం నేర్పమని ఆమెనే అడిగాను. నాలుక కొనను పై పళ్ల వెనుక ఆనించి ఊదమన్నది. ఊదాను. బల్ల మీది కాగితం ఎగిరినది గాని ధ్వని రాలేదు. ప్రక్క బల్లవారు కూడా నవ్వారు. నాలుగైదు సార్లకు ఆమె తల ఊపినది, నన్ను సంతోషపెట్టడానికే కావచ్చు.

చీకటి పడుతుండగా కొండ ఎక్కి బ్రిన్‌హోఫ్నంట్ చేరాము. వెనుక లోయలో ఊరి దీపాలు కొన్ని మాత్రమే కనిపిస్తున్నాయి. అబెరిస్ట్‌విత్ బస్సు వచ్చినది. డ్రైవరు ఉదయం చూచినాయన కాదు. సెలవుల కాలం ముగిసినది గదా, ఎక్కడికి పోయి వస్తున్నారని అడిగాడు. ఊరి పేరు చెప్పాను. ఆయన మరల అడుగలేదు. టికెట్టు చించి ఇచ్చి, తలుపు మూశాడు.